గేటు ముందు బుధవారాలు

గోదావరిఖనిలో మార్కెట్ వైపు తిరిగే మూల మీద సాయంత్రం పూట అనసూర్య మిర్చి బజ్జీల బండి పెడుతుంది. ఫస్టు షిఫ్టు దిగి స్నానాలు చేసి వచ్చిన కార్మికులు ఆమె బండి చుట్టూ నిలబడి, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా ఇంకో రెండు వెయ్యమంటారు. యాభై దాటిన మనిషి. చెయ్యి వేగం, నోరు గట్టిది. ఆమెను కదిలిస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లు ఇచ్చింది తిని వెళ్లిపోతారు.

ఆమె భర్త సదయ్య గనిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టడం అతని పని. ముప్పై ఏళ్లు భూమి కింద బతికాడు. ఒకసారి కప్పు కూలి తుంటి విరిగినా ప్రాణంతో పైకొచ్చాడు. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి, జిల్లేళ్ల ఒర్రె పక్కనున్న బస్తీలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. కూతురికి మందమర్రిలో పెళ్లి చేశారు. తుంటి నొప్పి ముదిరి సదయ్య మంచం దిగడం తగ్గించాడు. బండికి కావలసిన ఉల్లిగడ్డలు మాత్రం మంచం మీద కూర్చునే కోసి పెట్టేవాడు.

ఒర్రె అంటే చిన్న వాగే. ఎండాకాలంలో పిల్లలు దాంట్లో క్రికెట్ ఆడతారు. వానాకాలంలో గోదావరి నిండితే ఒర్రె నీళ్లకు పోయే దారి లేక వెనక్కి తంతాయి. అట్లా తన్నిన నీళ్లు పక్కనున్న పల్లపు భూమిలో పరుచుకుని, గోదావరి తగ్గాక నెమ్మదిగా దిగిపోయేవి. ఆ పల్లాన్ని జగదీశ్వర్ కొన్నాడు. ఒకప్పుడు లారీలు తిప్పినవాడు, ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్నాడు. వేసవంతా లారీలతో మొరం తెచ్చి పల్లాన్ని మిట్ట చేశాడు. ఒర్రె వంపు మీదుగా ప్రహరీ గోడ లేపాడు. ముందు రంగుల ఆర్చి, ఇనుప గేటు పెట్టించాడు. బస్తీవాళ్లు దుమ్ము గురించి గొణిగారు తప్ప ఇంకేమీ అనలేదు. అనసూర్య కూడా అనలేదు.

ఆ జులైలో ముసురు పట్టి వదల్లేదు. ఒకనాడు పొద్దున ఒర్రె తన్నింది. ఎప్పుడూ పోయే చోటికి పోవడానికి గోడ అడ్డొచ్చింది. నీళ్లు మొత్తం బస్తీ మీదికి మళ్లాయి. ఆ సమయానికి అనసూర్య పెద్ద రోడ్డు మీద ఉంది. ఆమె తిరిగి వచ్చేసరికి గల్లీలో నీళ్లు ఛాతీ దాకా ఉన్నాయి. తాళ్లు పట్టుకున్న మగవాళ్లు ఆమెను నడుము పట్టి ఆపారు. నీళ్లు తగ్గాక సదయ్యను మంచం పక్కనే చూశారు.

ఆమె అంత పొద్దున్నే రోడ్డు మీదికి ఎందుకు వెళ్లిందని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

దినాలు అయ్యాక కూతురు మందమర్రికి రమ్మంది. అనసూర్య వెళ్లలేదు. బురద కడిగిన ఇంట్లోనే ఉంది. బండి మళ్లీ మొదలుపెట్టింది. మనిషి ఇక్కడే ఉన్నా ఆలోచనంతా జగదీశ్వర్ మీద ఉండేది. అతని కారు ఏ పూట ఏ రోడ్డున వెళ్తుందో, ఏ హోటల్లో చాయ్ తాగుతాడో ఆమెకు తెలిసిపోయింది. వాడి నోట్లో గుప్పెడు గుప్పెడుగా మొరం కుక్కుతున్నట్టు అనుకుంటేనే ఆమెకు అన్నం లోపలికి దిగేది. గోడ మీద మున్సిపాలిటీలో దరఖాస్తు పెట్టింది. ఎవరో వచ్చి గోడను టేపుతో కొలిచి వెళ్లారు. తర్వాత ఏ కబురూ రాలేదు.

అదే సమయంలో బస్తీ కమ్యూనిటీ హాల్లో బుధవారం మధ్యాహ్నాలు ఒక సమావేశం మొదలైంది. ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి యమున అనే కౌన్సెలర్ వచ్చేది. మందమర్రి పిల్లే, గని కార్మికుడి కూతురు. వరదలో మనుషుల్నీ ఇళ్లనూ పోగొట్టుకున్న ఆడవాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టేది. కాసేపు కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టమనేది. తర్వాత మాట్లాడాలనుకున్నవాళ్లు మాట్లాడేవాళ్లు, మిగతావాళ్లు వినేవాళ్లు. మధ్యలో సలహాలు చెప్పకూడదు. అక్కడ విన్నది బయట చెప్పకూడదు. బస్తీలో దాన్ని ఏడ్పుల మీటింగ్ అనేవాళ్లు.

అనసూర్యను అక్కడికి లాక్కెళ్లింది పక్కింటి షహజాదీ బేగం. బట్టలు కుట్టే మనిషి. వరదలో కుట్టుమిషనూ పోయింది, అత్తగారూ పోయింది. కూతురు షిరీన్ ఇంటర్ మధ్యలో ఆపేసి ఇంట్లో కూర్చుంది.

మొదటి రెండు వారాలు అనసూర్య నోరు విప్పలేదు. మూడోసారి యమున తన వైపు చూడగానే అంది, "అందరు మర్చిపోవుడు నేర్సుకుంటున్నరు. నేను మర్వ. నాకు ఆ జగదీశ్వర్ మీద పగ తీరాలె. గది నేర్పుతవా బిడ్డా?"

"నాకు గది రాదక్కా," అంది యమున. "కానీ నువ్వన్నది విన్న. ఇంకేమన్న ఉంటే చెప్పు."

చీవాట్లు వస్తాయనుకున్న అనసూర్యకు ఏం చెయ్యాలో తెలియలేదు. కొంగు బిగించుకుని కూర్చుంది. కానీ మరుసటి బుధవారం ఎవరూ పిలవకుండానే వచ్చింది. వచ్చిన ప్రతిసారీ జగదీశ్వర్‌ను తిట్టేది. షహజాదీ తన వంతులో అత్తగారి గురించి చెప్పేది. ఒకరోజు షిరీన్ కూడా వచ్చి, చాలాసేపు గోడ వైపు చూసి, ఒకే ఒక మాట చెప్పింది. నీళ్లల్లో దాదీ చెయ్యి పట్టుకున్నది తానేననీ, పట్టు జారిందనీ.

దసరా దాటాక ఒక బుధవారం హాల్లో ఎవరిదో సీమంతం. యమున వచ్చే బస్సు ఆలస్యమైంది. ఆడవాళ్లు బయట ఎండలో నిలబడ్డారు. ఎదురుగా రోడ్డు అవతల జగదీశ్వర్ వెంచర్‌కు కొత్త రంగులు వేసి జెండాలు కట్టారు. ప్లాట్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు లోపల టెంటు కింద కూల్‌డ్రింకులు పోస్తున్నారు.

అనసూర్య చాప చంకన పెట్టుకుంది. "హాలు లేకుంటే ఏంది? నడుండ్రి. గేటు ముంగట నీడున్నది."

"అక్కడెందుకక్కా?" అంది షహజాదీ.

"మనం ఏడ్సేది ఎవని వల్లనో వాడు గూడ వినాలె గదా."

ఎనిమిది మంది ఆడవాళ్లు ఆర్చి నీడలో చాపలు పరిచి గుండ్రంగా కూర్చున్నారు. కళ్లు మూసుకుని ఊపిరి పీల్చారు, వదిలారు. తర్వాత రోజూ చెప్పుకునేవే చెప్పుకున్నారు, కాస్త గట్టిగా. లోపలికి వెళ్లబోతున్న ఒక కారు ఆగింది. అద్దం దిగింది. ఎవరి ఇల్లు మునిగిందో, ఎవరి పిల్ల పుస్తకాలు కొట్టుకుపోయాయో, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో కారులోవాళ్లు విన్నారు. కాసేపటికి కారు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ వెళ్లిపోతున్న కారును చూసినప్పుడు అనసూర్య ఛాతీలో ఏదో తీయగా కదిలింది. సదయ్య పోయిన తర్వాత ఆమెకు అన్నం రుచి తెలిసింది ఆ పూటే.

గేటు దగ్గర వాచ్‌మన్ పోశం. అతనిదీ అదే బస్తీ, అతని ఇల్లూ కూలింది. కర్ర పట్టుకుని వచ్చి, ఆడవాళ్ల ముందు నిలబడి, దాన్ని కిందికి దించాడు. "అక్కా, నా నౌకరి పోతది. జర లేవుండ్రి."

"నీ ఇల్లు కూలగొట్టినోని గేటుకు కావలి కాస్తున్నవ్ పోశం. ముందుగాల నువ్వొచ్చి మా పక్కన కూసో," అంది అనసూర్య. పోశం తల తిప్పుకుని గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

యమున బస్సు దిగి వచ్చేసరికి సమావేశం సగం అయిపోయింది. ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. చాప చివర కూర్చుని చివరిదాకా విని, తర్వాత అనసూర్యను పక్కకు పిలిచింది.

"అక్కా, హాల్ల కూసునేది మనసు తేలిక చేసుకోనీకి. ఇది వేరే."

"నాకు ఇయ్యాల్నే తేలికయింది."

"నీకయింది. అందరికి అయిందా? ఇష్టం లేనోళ్లను ఇక్కడికి పట్కరావద్దు. గది నువ్వు నాకు మాటియ్యాలె."

అనసూర్య తల ఊపింది. కానీ ఆమె కళ్లు గేటు మీదే ఉన్నాయి.

ఆ తర్వాత ప్రతి బుధవారం గేటు ముందే. ఆదివారాల కంటే బుధవారాలు ప్లాట్లు చూసేవాళ్లు తక్కువ వస్తారని తెలిసి, అనసూర్య ఆదివారం కూడా మొదలుపెట్టింది. ఒకసారి పోలీసు జీపు వచ్చింది. దిగిన ఆఫీసరు చూస్తే, ఆడవాళ్లంతా కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తున్నారు.

"ధర్నాకు పర్మిషన్ ఉన్నదా?"

"ధర్నా కాదు సార్. ఏడ్పుల మీటింగ్," అంది అనసూర్య కళ్లు తెరవకుండానే. "మీరు గూడ కూసోండ్రి, ఏమన్న బాధ ఉంటే చెప్పుకోవచ్చు."

జీపు కాసేపు ఆగి వెళ్లిపోయింది. బజారంతా ఆ ముచ్చట చెప్పుకుని నవ్వింది. జగదీశ్వర్ తాను రోజూ చాయ్ తాగే హోటల్ మానుకున్నాడని విని ఆ సాయంత్రం అనసూర్య బండి దగ్గర అందరికీ ఒక మిర్చి ఎక్కువ వేసింది. ఆమెకది సరిపోలేదు. వాడి గేటుకు తుప్పు పట్టాలి, వాణ్ని చూసి మనుషులు రోడ్డు దాటిపోవాలి, అద్దంలో మొహం చూసుకుంటే వాడికి సదయ్యే కనిపించాలి.

ఆ ఊపులోనే ఒక ఆదివారం ఆమె చెయ్యకూడని పని చేసింది. భార్యాభర్తలిద్దరు పిల్లలతో వచ్చి గేటు ముందు ఆగారు. భర్తకు ప్లాటు మీద మనసు. లోపలికి అడుగు వేయబోయాడు. షిరీన్ ఆ రోజు తల్లి వెంట వచ్చి చాప అంచున కూర్చుని ఉంది. అనసూర్య ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోసింది.

"గీ పిల్లను చూసి పోండ్రి సార్. కాలేజీల అందరికన్న మంచిగ చదివేది. ఇప్పుడు నల్లా ఇడిస్తె చెవులు మూసుకుంటది. నీళ్లల్ల వాళ్ల దాదీ చెయ్యి గీమె చేతిల్నుంచే జారింది. ఎవ్వని వల్ల?"

భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాళ్లు వెళ్లిపోయారు. షిరీన్ తన చేతుల్ని దుపట్టాలో దాచుకుని అలాగే నిలబడిపోయింది. షహజాదీ లేచి, కూతురి నడుము చుట్టూ చెయ్యి వేసి నడిపించుకుపోయింది.

ఆ సాయంత్రం అనసూర్య బండి పెట్టలేదు. షహజాదీ ఇంటికి వెళ్లింది. షహజాదీ కొత్తగా తెచ్చుకున్న మిషను తొక్కుతూనే ఉంది. లోపలి గది తలుపు వేసి ఉంది.

"తప్పయింది," అంది అనసూర్య గడప మీద నిలబడి.

మిషను ఆగింది. "నీ పగ నాకు సమజ్ అయితది అక్కా. నాకు గూడ ఉన్నది. కానీ నువ్వు వాణ్ని గుచ్చనీకి నా బిడ్డను సూదిలెక్క పట్టినవ్. అది ఎవ్వరికి చెప్పని మాట. అమ్మను, నాకు గూడ చెప్పలే, అందర్ల కూసుంటే ధైర్యమొచ్చి చెప్పింది. ఇప్పుడు మళ్ల నోరు ఇప్పుతదా?"

"పో అక్కా. ఇయ్యాల నిన్ను చూడబుద్ధి అయితలేదు."

మరుసటి బుధవారం గేటు దగ్గరికి ముగ్గురే వచ్చారు. అనసూర్య ఇంకెవరి గురించీ మాట్లాడలేదు. చాప మీద కూర్చుని గోడ వైపు చూస్తూ ఉంది. ఆ రోజే జగదీశ్వర్ స్వయంగా వచ్చాడు. బసంత్‌నగర్ నుంచి పది, పన్నెండు మందిని వ్యానులో తెచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కుటుంబాలు. చాపల దగ్గరికి రాగానే తానే ఆగాడు. అతను ఏదో సిద్ధం చేసుకునే వచ్చాడని మొహంలోనే తెలుస్తోంది.

"అమ్మా, అందరి ముచ్చట్లు చెప్తున్నవట. నీ ముచ్చట గూడ చెప్పు. ఆ పొద్దు నువ్వు ఏడున్నవ్?" వెనక నిలబడ్డవాళ్ల వైపు తిరిగాడు. "లేవలేని మొగణ్ని మంచంల ఇడ్సిపెట్టి, గ్యాసు పొయ్యి మోసుకపోయింది. బస్తీ మనుషులే చెప్పిండ్రు. ఇప్పుడు నా గేటు ముంగట ఏడుస్తది."

పోశం నేల చూశాడు. ఆ పొద్దున ఆమె పొయ్యి మోసుకుపోవడం చూసింది అతనే.

అనసూర్య లేచి నిలబడింది. ఇన్నాళ్లూ ఏ మాట ఎవరైనా అడుగుతారేమోనని ఆమె నోరు పెద్దది చేసుకుని తిరిగిందో, ఆ మాటను అతను అడిగేశాడు. ఇక దాచడానికి ఏమీ లేదు.

"అవును. పొయ్యి మోసుకపోయిన. సిలిండరు గూడ తీస్కపోయిన. ఎందుకో చెప్త ఇనుండ్రి. ఆ ఒర్రెను నేను ఇన్నేండ్ల సంది చూస్తున్న. నీళ్లు జిల్లేడు చెట్ల కాడికొస్తె, మా గడప కాడికి రానీకి ఒక పూట పడ్తది. ముందుగాల బండి సామాను రోడ్డు మీద పెట్టి, నలుగురిని పిల్సుకొచ్చి మంచంతోని ఆయన్ను ఎత్తుదామనుకున్న. ఆయనే పొమ్మన్నడు. 'జల్ది పో, అది పోతె ఏం తిని బతుకుతం' అన్నడు. నేను తిరిగొచ్చేవర్కు నీళ్లు నా ఛాతీకి ఉన్నయ్. లోపల్నుంచి ఒర్రుతున్నడు. నన్ను రమ్మని గాదు. 'రాకు అనసూర్యా, నువ్వు రాకు' అని."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని అతని వైపు ఒక అడుగు వేసింది.

"నేను పొయ్యి తీస్కపోయిన జగదీశ్వర్ సారూ. నువ్వు ఒర్రెను తీస్కపోయినవ్. నాది నేను అందర్ల చెప్పిన. నీది నువ్వు చెప్పు."

వ్యానులో వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ ముందుకొచ్చి అడిగింది, "ఒర్రె ఏడ పారేదమ్మా?"

అనసూర్య గేటులోకి నడిచింది. పోశం ఆపలేదు. రాళ్లు పాతి నంబర్లు వేసిన ప్లాట్ల మధ్యనుంచి వంపు తిరుగుతూ నడిచి చూపించింది. "గిట్లొచ్చి, గిట్ల తిరిగి, ఇగో, నువ్వు నిలబడ్డ కాడ్నే నీళ్లు ఆగేటియి."

ఆవిడ తన కాళ్ల వైపు చూసుకుని పక్కకు జరిగింది. ఆ రోజు కూల్‌డ్రింకులు ఎవరూ ముట్టలేదు. వ్యాను వచ్చిన దారినే పోయింది.

ఆ ముచ్చట బసంత్‌నగర్‌లో పాకింది, గోదావరిఖనిలో పాకింది. అంతకు ముందు కొన్నవాళ్లు వచ్చి మాకొద్దని నిలబడ్డారు. జగదీశ్వర్ మొదట బెదిరించాడు. తర్వాత వేరేచోట మంచి ఇల్లు చూపిస్తానని మధ్యవర్తిని పంపాడు.

"ఇల్లు నాకున్నది. ఒర్రె మీది మొరం తొవ్వుమను," అని అనసూర్య ఆ మనిషిని బండి దగ్గర్నుంచే పంపేసింది.

కోపమంతా పోశం మీద చూపించి జగదీశ్వర్ అతన్ని పనిలోంచి తీసేశాడు. పోశం బసంత్‌నగర్‌లో లారీలకు సిమెంటు బస్తాలు ఎక్కించే పనికి పోయాడు. అతని భార్య రోడ్డు మీద కనిపిస్తే అనసూర్యతో ఈనాటికీ మాట్లాడదు. అనసూర్య కూడా ఆ మనిషిని ఆపి ఏమీ చెప్పలేకపోయింది.

ఎండలు ముదిరాక, పల్లం మళ్లీ తవ్వితే తప్ప మిగతా ప్లాట్లు కూడా అమ్ముడుపోవని జగదీశ్వర్‌తో కలిసి పెట్టుబడి పెట్టినవాళ్లు పట్టుబట్టారు. మట్టి తవ్వే ప్రొక్లెయిన్ వచ్చింది. ఒర్రె వంపు మీది గోడ మొదట కూలింది. పల్లంలో పోసిన మొరం బకెట్లతో పైకి లేచింది. అనసూర్య పొద్దున్నే వెళ్లి ఎదురుగా కూర్చుంది. జగదీశ్వర్ కారు దిగి కాసేపు నిలబడి, ఎండకు తట్టుకోలేక మళ్లీ కారెక్కబోయాడు.

"కారెక్కకు," అంది అనసూర్య. గట్టిగా కూడా అనలేదు. "నిలబడు. చూడు."

అతను చుట్టూ చూశాడు. పనివాళ్లు, బస్తీ జనం అతన్నే చూస్తున్నారు. కారు తలుపు మూసి, తల మీద రుమాలు వేసుకుని అక్కడే నిలబడ్డాడు. మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది, బూట్లు మట్టిలో కూరుకుపోయాయి. అనసూర్య రెప్ప వాల్చకుండా అతన్ని చూసింది. ఒక్కో బకెట్ లేచినప్పుడల్లా ఆమె ఊపిరి లోతుగా వెళ్లి వచ్చింది. అది యమున నేర్పిన ఊపిరే, కానీ యమున ఇట్లాంటి దానికి నేర్పలేదు.

ఆ వానాకాలం ఒర్రె మళ్లీ తన్నింది. నీళ్లు పల్లంలో పరుచుకుని, గోదావరి తగ్గాక దిగిపోయాయి. బస్తీ గడపలు తడవలేదు. పై వరసల ప్లాట్లు జగదీశ్వర్ ఆలస్యంగానైనా అమ్ముకున్నాడు, కరీంనగర్‌కు మకాం మార్చాడు. అతను అక్కడ బాగానే ఉన్నాడని ఎవరో చెప్పిన రోజు అనసూర్యకు మళ్లీ అన్నం సహించలేదు.

బుధవారాలు తిరిగి హాల్లోనే జరుగుతున్నాయి. మొదటి రోజు యమున ఆమెను అడిగింది, "ఎట్లున్నదక్కా ఇప్పుడు?"

"నిద్ర పడ్తున్నది. వాణ్ని మాత్రం మాఫ్ చెయ్యలే. చెయ్య."

"చెయ్యమని నేను అనలే గదా."

"నా మీద నాకున్న కోపం గూడ వాని మీద్నే పోసిన," అంది అనసూర్య. "వానిది వానికి చెల్లింది. నాది నా దగ్గర్నే ఉన్నది. దాన్ని ఏం చెయ్యాలె బిడ్డా?"

పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ అనసూర్య చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

షహజాదీ చాలా వారాలు రాలేదు. వానలు తగ్గాక ఒక బుధవారం వచ్చింది, వెనకాలే షిరీన్. ఆ పిల్ల అనసూర్యకు దూరంగా, కిటికీ పక్కన కూర్చుంది. అనసూర్య వంతు వచ్చినప్పుడు ఈసారి తనకు చెప్పేదేమీ లేదంది. షిరీన్ వంతు వచ్చింది. అందరూ ఎదురుచూశారు. తాను మళ్లీ కాలేజీలో చేరాననీ, బస్సు గోదావరి బ్రిడ్జి దాటేటప్పుడు ఇంకా కళ్లు మూసుకుంటున్నాననీ షిరీన్ చెప్పింది. నన్ను మాఫ్ చేస్తవా అని ఆ పిల్లను అడగాలని అనసూర్య నోటిదాకా వచ్చింది. అడగలేదు. తల వంచుకుని, ఆ పిల్ల చెప్పినంతా విన్నది.